కారాల్సిన పాక

ఎలైజా దివేకర్ గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఇరవై రెండేళ్ళు బెజవాడ రైల్వే కాలనీలో ఉన్నారు. కాబట్టి తెలుగు వచ్చు, తిట్లతో సహా. ఈ పరాయి దేశంలో, టూంగాబీ అనే పేటలో మా అమ్మాయి సింధుజ ఇంటికి పక్కిల్లు ఆయనది. నేను గార్డుగారూ అని పిలుస్తాను. ఎనభై దాటినా ఆ పిలుపు వింటే నిటారుగా నిలబడతారు.

వాళ్ళు యూదులు. తాతముత్తాతలు కొంకణం వైపు సముద్రం ఒడ్డున గానుగలు ఆడించేవారట. శనివారం మాత్రం గానుగ కట్టేవారు కాదట. శనివారం నూనెవాళ్ళని ఊళ్ళో పేరు పెట్టారట.

"జనం నవ్వారు కానీ ఎద్దు నవ్వలేదు దాసూ," అంటారు గార్డుగారు. "దానికీ ఆవేళ సెలవే."

మేము ఇక్కడికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. దసరా వెళ్ళిన నాలుగోనాడు పొద్దున్నే ఆయన కంచె మీద నుంచి పిలిచారు.

"దాసూ, నువ్వు పాకలు నేసేవాడివన్నావు."

"అన్నాను."

"మొన్న జూన్‌లో అన్నావు. ఆ తర్వాత నువ్వు మాట్లాడటం ఇదే."

కంచె దగ్గరికి వెళ్ళాను. ఆయనే చెప్పారు. ఆ సాయంత్రం నుంచి వాళ్ళకి పండగ. పెరట్లో పాక వేసుకుని ఏడు రోజులు అందులోనే తినాలి. పుట్టినప్పటి నుంచి ఆయనకి ఒక్క ఏడు తప్పలేదు. బెజవాడ క్వార్టర్స్‌లో కూడా వేసుకున్నారు. ఏటా వచ్చి వేసే స్నేహితుడు ఈసారి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన మోకాళ్ళు నిచ్చెన ఎక్కవు. పొద్దుగూకితే పండగ మొదలైనట్టే, ఇక పని చెయ్యకూడదు.

"ఏడింటికల్లా అయితే అయినట్టు. లేకపోతే ఈ ఏడు లేనట్టే," అన్నారు.

"ఎట్లా ఉండాలి?"

"మూడు పక్కలా దడి. పైన ఆకు. భూమిలో మొలిచిన ఆకే కావాలి, రేకులూ ప్లాస్టిక్కూ పనికిరావు. లోపల ఎండ కంటే నీడ ఎక్కువ ఉండాలి. అంతే."

అంతే అన్నారు. అది నేను గుర్తుపెట్టుకున్నాను.

పండగకి చేత్తో పట్టుకోవడానికి దబ్బపండు కావాలట. దానికోసం ఊరికి అవతలి కొసనున్న బోండై వైపు బయలుదేరారు. రెండు రైళ్ళు మారాలి. బట్టలు ఆరేస్తున్న మా ఆవిడ కనకదుర్గ ఆ మాట విన్నది.

"అన్నయ్యగారూ, పండగయ్యాక ఆ దబ్బకాయ నాకివ్వండి. ఊరగాయ వేస్తాను."

"వారం రోజులు దేవుడి కాయ చెల్లెమ్మా. ఆ తర్వాత నీ ఇష్టం."

నేను నిచ్చెన తీశాను. సింధుజ కిటికీలోంచి చూసింది.

"నాన్నా, లాడర్ ఎక్కకండి ప్లీజ్. ఆఫ్టర్‌నూన్ అంతా నాకు బ్యాక్ టు బ్యాక్ కాల్స్. ఏమన్నా అయితే నేను హ్యాండిల్ చెయ్యలేను."

"ఎక్కను," అన్నాను. ఎక్కాను.

వెనక వీధిలో ఎవరో కొబ్బరిచెట్టు లాంటి చెట్లు రెండు కొట్టించి మట్టలు రోడ్డు పక్కన పడేశారు. అవి నాకు మూడు రోజులుగా కనపడుతూనే ఉన్నాయి. ఎందుకు చూస్తున్నానో అప్పటిదాకా తెలియలేదు. నాలుగుసార్లు తిరిగి అన్నీ లాక్కొచ్చాను. గార్డుగారి గరాజ్‌లో స్తంభాలు ఉన్నాయి, వెదుళ్ళు ఉన్నాయి. దడి కట్టేసరికి పన్నెండు. ఆకు అల్లి, కప్పు ఎక్కించి, వాలు చూసి, చూరు కోసేసరికి నాలుగు.

మా రాజోలు వైపు నేను నేసిన పాకలు రెండు తుఫాన్లు చూశాయి. ఒక్కటీ కారలేదు. పాక కారిందంటే నేసినవాడి నోట్లో కారినట్టే అనేవాడు మా నాన్న. అన్నం తినేటప్పుడు కూడా అనేవాడు. ఇదీ అట్లాగే నేశాను. ఊళ్ళో వేసిన వాటికంటే బాగా కుదిరింది. ఎవరూ తొందర పెట్టలేదు కదా.

గార్డుగారు అయిదింటికి వచ్చారు. పాకని చూసి చేతికర్ర మరిచిపోయి రెండడుగులు వేశారు.

"దాసూ, ఇది గవర్నర్‌కి వేసినట్టుంది."

"లోపల కూర్చోండి," అన్నాను.

ఆయన కూర్చున్నారు. నేను తోట పైపు తెచ్చి కప్పు మీద నీళ్ళు వదిలాను. వెన్ను మీద, వాలు మీద, మూలల్లో, అయిదు నిమిషాలు. నీళ్ళన్నీ చూరు పట్టుకుని బయటికే జారాయి.

"పడిందా?" అడిగాను.

"లేదు."

"మూల దగ్గర?"

"అక్కడా పడలేదు దాసూ."

పైపు కట్టి లోపలికి వెళ్ళాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన చావు కబురు విన్నవాడిలా పైకి చూస్తున్నారు.

"తప్పు నాది," అన్నారు. "సగమే చెప్పాను. గట్టి వాన వస్తే ఈ కప్పులోంచి లోపల పడాలి. పొద్దుపోయాక తలెత్తితే నక్షత్రం కనపడాలి. ఇంత గట్టిగా ఉంటే ఇది పాక కాదు, ఇల్లు. ఇల్లు నాకు ఉంది."

"కారే పాకా?"

"కారాల్సిన పాక. మా పెద్దలు ఈజిప్టులో చాకిరీ వదిలించుకుని నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగారు. వాళ్ళ నెత్తిమీద ఉన్నది ఇదే. ఇల్లు గట్టిది కాబట్టి బతికాననుకుంటాడు మనిషి. కాదని గుర్తుచెయ్యడానికి ఏడాదికి ఏడు రోజులు దేవుడు బయట కూర్చోబెడతాడు."

"కారే పాక ఎవడైనా నేస్తాడు. దానికి నేనెందుకు?"

"కాస్త విప్పుతావా?"

"నా చేత్తో వేసింది నా చేత్తో చెడగొట్టను," అని నిచ్చెన అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఇంట్లో కనకదుర్గ చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. నా మొహం చూసింది.

"ఏమయ్యా, పని బాలేదన్నారా?"

"బాగుందన్నారు."

"మరింకేం?"

"బాగుండటమే బాలేదట."

సంగతంతా చెప్పించుకుంది. చెప్పించుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నలభై రెండేళ్ళ కాపురం. నీలో ఎక్కడైనా ఒక సందు దొరుకుతుందేమోనని నేనూ చూస్తూనే ఉన్నా. అన్నయ్యగారికి ఒక్క పూటలో తెలిసిపోయింది."

నేను మంచినీళ్ళు తాగాను. వంటింటి కిటికీలోంచి గార్డుగారి పెరడు కనపడుతుంది. ఆయన కుర్చీ పక్కకి లాగి, ఆకులు ఊడ్చే కర్ర తిరగేసి, కింద నుంచి కప్పుని పొడుస్తున్నారు. కర్ర దిగలేదు. నా అల్లిక అట్లాంటిది. ముందు గర్వంగానే అనిపించింది. మళ్ళీ పొడిచారు. దిగలేదు. కర్ర వదిలేసి, మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. మా కిటికీ వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు వెళ్ళకుండా ఉండటం తేలికయ్యేది.

గోడ గడియారంలో ఆరు దాటింది.

"చిక్కుళ్ళు నేను చూసుకుంటాలే," అన్నది కనకదుర్గ. నేను చిక్కుళ్ళ గురించి ఏమీ అడగలేదు.

వెళ్ళాను. ఆయన లేవబోయారు. కూర్చోమన్నాను.

"ఎంత కారాలి?"

ఆయన నా వైపు చూశారు. నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

"ఈ ప్రశ్న నిన్ను ఇంతకు ముందు ఎవరైనా అడగనిచ్చారా?"

"పొద్దు పోతోంది గార్డుగారూ."

"ఎండ కంటే నీడే ఎక్కువ ఉండాలి, అది మాత్రం మారదు. మిగతాది నీ దయ."

నిచ్చెన ఎక్కాను. చెడగొట్టడం కూడా చేతనైనవాడే చెయ్యాలి. చింపితే గాలికి కప్పంతా లేచిపోతుంది. రెండు వరసలకి ఒక వరస లాగేశాను. మిగిలిన ఆకు అల్లిక వదులు చేసి మళ్ళీ పరిచాను. ప్రతి సందూ రెండు వేళ్ళ వెడల్పు, వేళ్ళు పెట్టి చూసుకున్నాను. కింద నుంచి గార్డుగారు మాట్లాడుతూనే ఉన్నారు. నేను పని చేసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఆ సంగతి ఆయనకి తెలిసినా ఆగేవారు కారు.

"యాభై ఏళ్ళు ఏదీ లోపలికి రాకుండా కప్పావు కదా. దేవుడు రావాలంటే ఎట్లా వచ్చేవాడు దాసూ?"

"గుమ్మంలోంచి."

"తలుపు తియ్యమని ఎవరు చెప్పేవారు? నువ్వా?"

తాడు ఇంకో ముడి విప్పాను.

పావుతక్కువ ఏడుకి దిగాను. కుర్చీ మీదా బల్ల మీదా వెలుగు చారలు చారలుగా పడింది. ఆయన ఆ చారలో చెయ్యి పెట్టి, తిప్పి చూసుకున్నారు. బాగుందనలేదు. లోపలికెళ్ళి తెల్లచొక్కా వేసుకుని, దీపాలు వెలిగించారు. అప్పుడే పొద్దు గూకింది.

పాకలో ఒక్కళ్ళే తినకూడదట, మమ్మల్నీ కూర్చోమన్నారు. కనకదుర్గ చిక్కుడుకాయ కూర తెచ్చింది. ఆయన కొబ్బరిపాలు పోసి అన్నం వండారు, చారు కాచారు. ద్రాక్షరసం ముందు పెట్టుకుని ఏదో చదివారు. బల్ల చివర ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. కనకదుర్గ అందులో కూర్చోబోయింది.

"అది అబ్రహాముది చెల్లెమ్మా. మా మూలపురుషుడు. మొదటి రోజు ఆయన వస్తాడని మా నమ్మకం. ఆయన గుడారం గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ అన్నం పెట్టేవాడు."

కనకదుర్గ తన గిన్నె వైపు చూసుకుంది. "ఆయన కారం తింటారా? కూరలో కాస్త ఎక్కువ పడింది."

"తినకపోతే నేను సర్దిచెబుతాను."

సింధుజ కూడా కాల్స్ అయిపోయాక వచ్చి కూర్చుంది. నిచ్చెన వైపు చూసి నా వైపు చూసింది.

"ఇంకో ఆజ్ఞ ఉంది," అన్నారు గార్డుగారు. "ఈ ఏడు రోజులూ సంతోషంగా ఉండాలి. ఇష్టముంటే అని లేదు. ఉండి తీరాలి."

"ఆజ్ఞ వేస్తే వస్తుందా?" అన్నాను.

"రాదు. చోటిస్తే వస్తుంది. నీ మొహం మీదికి రావాలని మాత్రం నేనడగను దాసూ. అంత పెద్ద కోరిక మా వాళ్ళెవరూ కోరలేదు."

సింధుజ నవ్వింది. కనకదుర్గ ఇంకా ఎక్కువ నవ్వింది.

చారులో ఉండగా మబ్బు పట్టింది. బల్ల మీద ఒక చినుకు పడింది. తర్వాత నా మోచేతి మీద. నా చెయ్యి దానంతటదే పైకి, తాడు వైపు వెళ్ళింది.

"చారు పాడయ్యేంత వాన అయితే లోపలికి వెళ్ళిపోవచ్చు," అన్నారు గార్డుగారు. "ఇంకా పాడవలేదు."

కనకదుర్గ చారు రుచి చూసింది. "ఉప్పు కొంచెం ఎక్కువైంది అన్నయ్యగారూ. ఇంకో నాలుగు చినుకులు పడనివ్వండి."

నా చెయ్యి ఇంకా తాడు మీదే ఉంది. రెండు ముడులు బిగిస్తే ఆ సందు మూసుకుంటుంది.

"దింపు దాసూ. పండగ."

"నాకు కాదు కదా."

"కప్పు నీదే కదా. దింపు."

దింపాను. చినుకులు అన్నంలో పడ్డాయి, కూరలో పడ్డాయి, అబ్రహాముగారి కుర్చీలో పడ్డాయి. నేను నేసిన కప్పు కింద తడవడం నాకదే మొదలు. లేవలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు.

కనకదుర్గ కాసేపు చూసింది. తన కంచం తీసి నా చేతుల్లో పెట్టింది.

"ఖాళీగానే ఉన్నావుగా, ఇది పట్టుకో. నేను జుట్టు ముడేసుకోవాలి."