అత్తగారి ఆఖరి స్వెట్టర్

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకున్న అమ్మలూ ముందుకు రండి, చోటుంది. దేవుడి దయవల్ల నా గొంతు ఇంకా పలుకుతోంది. ఎనభై నాలుగేళ్ళూ ఇల్లే లోకంగా బతికిన ఒక ఇల్లాలి సంగతి చెబుతాను.

మధ్యాహ్నం గిన్నెలు సర్దేశాక ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఊలుబుట్ట ఒళ్ళోకి తీసుకునేది. ఇక నాలుగింటిదాకా పిలిచినా పలికేది కాదు. రేడియోకి ముసుగు, కూజాకి టోపీ, నేల గీరుకుపోతుందని కుర్చీకాళ్ళకి మేజోళ్ళు! "కాసేపు కదలకుండా కూర్చుంటే నాకూ ఏదో ఒకటి తొడిగేస్తుంది" అని భర్త బతికున్నన్నాళ్ళూ నవ్వేవాడు. చలికాలం వస్తే వీధి ఊడ్చేవాళ్ళకి చేతి తొడుగులు. ఆసుపత్రిలో పుట్టిన ప్రతి పసిగుడ్డుకీ టోపీ. కొలవడానికి టేపు పట్టేది కాదు. మనిషిని ఒకసారి గట్టిగా కావలించుకునేది, అంతే.

ఆమె పోయిన మర్నాడు మధ్యాహ్నం పెద్దకోడలు గిన్నెలు సర్దుతుంటే, ఖాళీ కుర్చీలో సూదులు టిక్కుటిక్కుమని అల్లుతున్నాయి. సగంలో ఆగిపోయిన బూడిదరంగు స్వెట్టర్ రెండు వరసలు పెరిగింది. అత్తయ్య పని మధ్యలో వదల్దుగా అనుకుంది కోడలు. వెలుతురు చాలదేమోనని కిటికీ రెక్క తీసిపెట్టింది.

పక్కింటావిడ వచ్చి చూసి, "ఎవరికట?" అంది.

"బతికుండగానే చెప్పేది కాదు, ఇప్పుడు చెబుతుందా పిన్నిగారూ!"

పదోరోజుకి కుడిచెయ్యి పూర్తయింది. ఎడంచెయ్యి మాత్రం రెండంగుళాలు ముందే ఆగిపోయింది. ఆఖర్లో కళ్ళు ఆనలేదు పాపం అనుకుని, తక్కువైంది కోడలే అల్లి సరిచేసింది. మర్నాడు సూదులు ఆ రెండంగుళాలూ విప్పేశాయి. మళ్ళీ అల్లింది. మళ్ళీ విప్పేశాయి.

"పోయాక కూడానా నాతో పంతం, అత్తయ్యా!" అంది, ముప్పై ఏళ్ళ చనువుతో.

బస్సు డ్రైవరైన ఆమె భర్త అప్పుడే భోజనానికి వచ్చాడు. "ఇది ఒకసారి తొడుక్కుని చూడండి, ఎవరి కొలతో అంతుపట్టడం లేదు" అని అందించింది. ఆయన స్వెట్టర్ చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. చూసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చున్నాడు.

"తమ్ముడిది."

చిన్నప్పుడు ఈయన సైకిలు మీదనుంచి పడేస్తే తమ్ముడి ఎడంచెయ్యి విరిగింది. మోచెయ్యి మళ్ళీ పూర్తిగా సాగలేదు. ఏడేళ్ళ కిందట ఆ తమ్ముడే, "అమ్మని కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకుంటా" అంటే, "ముందు ఆ వంకర చేత్తో నీ పొట్ట నింపుకో" అన్నాడు ఈయన, నలుగురిలో. తమ్ముడు కంచం ముందునుంచి లేచిపోయాడు. మళ్ళీ గడప తొక్కలేదు.

"అత్తయ్య పోయినట్టు కబురు పంపాననీ, ఆయనే రాలేదనీ అన్నారు కదా?" అంది భార్య.

"పంపలేదు. మొహం చెల్లలేదు."

ఆమె స్వెట్టర్ అందుకుని మడిచింది. "లేవండి. నేనూ వస్తాను" అంది.

తమ్ముడిది పక్కూళ్ళో గడియారాలు బాగుచేసే కొట్టు. కంటికి అద్దం బిగించుకుని పని చేసుకుంటున్నవాడు తలెత్తి, "ఏం వదినా, దారి తప్పారా?" అన్నాడు. అన్నవైపు చూడలేదు.

"అమ్మ పోయిందిరా" అన్నాడు అన్న. "పన్నెండు రోజులైంది. నీకు చెప్పలేదు నేను."

తమ్ముడి వేళ్ళమధ్య ఉన్న చిన్న మరమేకు ఎక్కడో దొర్లిపోయింది. వెతకలేదు.

"ఆఖరి చూపు కూడా దక్కనివ్వలేదా?"

"దక్కనివ్వలేదు. ఆ చెయ్యి విరగ్గొట్టిందీ నేనే, ఎత్తిపొడిచిందీ నేనే. తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ఇది మాత్రం అమ్మ నీకోసం అల్లింది."

వదిన మెట్టుమీదే నిలబడింది. తమ్ముడు కంటి అద్దం తీసి, లేచి బయటికి వచ్చి, ఎడంచెయ్యి ముందుకు చాపాడు. వంగిపోయిన మోచెయ్యి నొవ్వకుండా, పసివాడికి తొడిగినట్టు మెల్లగా తొడిగాడు అన్న. అంచు సరిగ్గా మణికట్టు మీద ఆగింది.

తమ్ముడు షట్టరు దించాడు. "పదండి. అమ్మ కూర్చునే చోటైనా చూస్తాను."

అమ్మలారా, అయ్యలారా! ఆ మహాతల్లి అల్లినన్ని మనం అల్లలేం. కానీ ఆ డ్రైవరు కొట్టు ముందు నిలబడి, "నీకు చెప్పలేదు నేను" అని ఒప్పుకున్నాడు చూశారూ, అదొక్కటి గుర్తుంచుకోండి. మీకూ అలా ఒప్పుకోవలసిన మనిషి ఎక్కడో ఉంటే, రేపు పొద్దున్నే వెళ్ళండి. ఎదురుగా నిలబడి చెప్పండి.