ఆర్లో పాడిన వేలం

పక్షవాతం వచ్చి తగ్గాక ఆర్లో వేడెల్ నోట ఒకటే మాట మిగిలింది. అవును. సూప్ చల్లారిందా అంటే అవును. చల్లారలేదా అన్నా అవునే. కాన్సస్ గోధుమ చేల నడుమ మెనొనైట్ చర్చివాళ్ళు నడిపే ఆ వృద్ధాశ్రమంలో అందరికీ అదో నవ్వులాట. "మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఈ ఒక్క మాటే నేర్పలేకపోయాను" అనేది పక్కగది హిల్డా.

ఆర్లో నవ్వేవాడు కాదు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల గొడ్ల సంతల్లో ధరల అంకెలు పాటలా పాడుతూ వేలం వేసింది అతనే. చర్చివాళ్ళు ఆశ్రమం కోసం ఏటా పెట్టే వేలంలో అన్నిటికన్నా ముందు పెట్టే రొట్టెని అమ్మేదీ అతనే. చేతిలో డబ్బయిపోయిన ముసలివాళ్ళని బయటికి పంపకుండా ఆ వచ్చిన దానితోనే సాకుతారు. ఎవరి పేరూ బయటపెట్టరు. ఈ ఏడు ఆ పేర్లలో తనదీ ఉందని ఆర్లోకి తెలుసు. అతని పొలాన్ని ఆసుపత్రి ఖర్చు మింగేసింది. ఊరికే కూర్చుని తినడం అతనికి చేతకాదు. ఈ ఒక్కసారి ఆ రొట్టె తనే అమ్మాలి. పెద్దలేమో దాన్ని అతని అన్న కొడుకు డెల్మర్‌కి అప్పగించేశారు.

అతని మనసు కనిపెట్టింది లవోనా. ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, ఏళ్ళ తరబడి అక్కడే పనిచేస్తున్న మనిషి. ఓ పొద్దున స్నానం చేయిస్తూ ఆవిడ చర్చి పాటొకటి కూనిరాగం తీస్తే ఆర్లో అందుకున్నాడు. మాటలతో సహా, తప్పు లేకుండా. ఆవిడ చేతిలో సబ్బు జారిపోయింది.

"ఇన్నాళ్ళూ నా దగ్గర నాటకాలా బాబాయ్?"

"అవును" అన్నాడు పాపం.

అప్పట్నుంచీ సెలవు రోజుల్లో కూడా వచ్చింది. మా ఇంట్లో ఆయనకి మాటలెక్కువ, నీ దగ్గరే హాయి అంటూ ఆ పాట వరసలోనే అంకెలు కూర్చి పాడించింది. తర్వాత డెల్మర్ దగ్గరికెళ్ళి, రొట్టె మీ బాబాయికి వదిలెయ్యమంది. వాడు ఒప్పుకున్నాడుగానీ, నమ్మకం లేక పక్కనే నిలబడతానన్నాడు.

వేలం రోజు హాలు నిండిపోయింది. ఆ రొట్టె కొన్నవాడు డబ్బు కడతాడుగానీ ఇంటికి పట్టుకెళ్ళడు. "మళ్ళీ అమ్ము" అని తిరిగిచ్చేస్తాడు. అక్కడి ఆనవాయితీ అది. ఆర్లో కుర్చీలోంచి మొదలుపెట్టాడు. రెండు అంకెలు పాడాడో లేదో వరస జారింది. "అవును" అన్నాడు. హాలంతా తలలు దించుకుంది. డెల్మర్ మైకు మీద చెయ్యేశాడు.

వెనకనుంచి లవోనా ఆ వరస అందుకుంది. పాట వింటే ఊరుకోలేని జాతి అది. ఒకరు పైగొంతు, ఒకరు కిందిగొంతు, కాసేపట్లో హాలంతా నాలుగు గొంతుల్లో హోరెత్తింది. దొడ్డి తలుపు తీస్తే దూడలు ఉరికినట్టు ఆర్లో నోటినుంచి అంకెలు ఉరికాయి.

ముందు వరసలో మెనో వోత్ ఉన్నాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ఆదివారం చర్చిలో పాట నడిపేది మాత్రం అతనే. పాట వినపడగానే అలవాటు కొద్దీ చెయ్యి లేచింది, తాళం వెయ్యడానికి. వేలంలో చెయ్యి లేస్తే పాటదారే. చెయ్యి లేచినప్పుడల్లా ఆర్లో ఓ అంకె పెంచాడు. ఇంకెవరూ పాడలేదు. మెనో తన పాట మీద తనే పాడుకుంటూ పోయాడు.

భార్య గిల్లితే తెలివొచ్చింది. అప్పటికే పాట ఖాయమని సుత్తి పడింది. హాలు విరగబడి నవ్వింది. మెనో కాదనొచ్చు, అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆర్లో మొహంలోకి కాసేపు చూశాడు.

"చెయ్యెత్తింది నేనేగా" అన్నాడు. రెండు చేతులూ జేబుల్లో దోపుకుని, "మళ్ళీ అమ్ము."

మళ్ళీ అమ్మాడు. మళ్ళీ మళ్ళీ అమ్మాడు. ఏ ఏడూ ఆ రొట్టె అంత పలకలేదు. ఆఖరున కొన్నవాడు దాన్ని తెచ్చి ఆర్లో ఒళ్ళో పెట్టాడు. తన ఏడాది తిండి తనే పాడి సంపాదించుకున్నవాడు, ఆ రొట్టె పెద్ద ముక్క తుంచాడు. లవోనా వెన్న రాస్తూ వంగి చెవిలో అడిగింది.

"మెనో వేస్తున్నది తాళమని నీకు తెలుసు కదూ బాబాయ్?"

"అవును" అన్నాడు ఆర్లో, నోటినిండా రొట్టెతో. ఆ ఏడాదిలో మొదటిసారి పకపకా నవ్వాడు.