కార్డుల వెనకవైపు

రెండువేల నాలుగులో మా పలాస సంఘంలో స్త్రీల ఆదివారం జరిపారు. గుడిలో పెట్టడానికి నా కార్డులు కావాలని పాస్టరు గారి కోడలు షారోన్ వచ్చింది.

అవి పాతకాలపు పండుగ కార్డులు. కెనడాలో వాడేసినవి పెట్టెల్లో మిషన్ దొరసానులకు వచ్చేవి. వెనక ఉన్న ఇంగ్లీషు రాత మీద తెల్లకాగితం అంటించి, సండేస్కూల్లో మాకు బహుమతిగా ఇచ్చేవారు. గొర్రెల బొమ్మలు మగపిల్లలు లాక్కునేవారు. ఆడవాళ్ల బొమ్మలు మేం ఏరుకునేవాళ్లం: టోపీ పెట్టుకున్నావిడ, బిడ్డనెత్తుకున్న తల్లి, మంచులో నవ్వే పిల్ల.

మా చెల్లెలు అన్నమ్మ పెళ్లయి ఖరగ్‌పూర్ రైలెక్కేముందు తన కార్డు వెనక పెద్ద పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసి నా చేతిలో పెట్టింది. నాకప్పటికి చదువు రాదు. ఏడాది తిరక్కుండా అక్కడే కలరాతో పోయింది. మట్టి వెయ్యడానికి కూడా వెళ్లలేకపోయాం. నోటికొచ్చిన కీర్తనలను పాటల పుస్తకంలో వేలు పెట్టి పోల్చుకుంటూ, అక్షరాలు పట్టుకుని, ఆ నాలుగు వాక్యాలూ నేనే చదువుకున్నాను. తర్వాత ఊరు విడిచి వెళ్లే ప్రతి ఆడదాని చేతా ఒక కార్డు వెనక రాయించుకున్నాను. నలభై ఒకటయ్యాయి. అన్నమ్మ రాత రోజూ ఒకసారి చూడకపోతే నాకు అన్నం సయించదు.

"జాగ్రత్తమ్మా, సిరిగిపోతాయి," అన్నాను.

"ఏటి మామ్మా, కార్డులకింత బెంగేటి? ఆదోరం సాయంత్రానికి నానే తెచ్చి ఇచ్చీత్తాను," అని షారోన్ నవ్వింది.

ఆదివారం గుడిలో థర్మోకోల్ అట్ట మీద నా కార్డులు పువ్వు ఆకారంలో ఉన్నాయి. అందరూ మూగి చూస్తున్నారు. నేను అన్నమ్మ కార్డు అంచు గోటితో ఎత్తబోయాను. రాలేదు.

"జిగురెట్టి అంటించీసినాం మామ్మా, గాలికి ఎగిరిపోకుండా," అంది షారోన్.

"ఎనకాల రాతుంది కదే!"

"ఆ మాసిపోయిన కాయితాలెవులు సూత్తారు? బొమ్మలే కదా అందం."

"మామ్మకి బొమ్మల్లో దొరసాన్ల అందం మీద కుళ్లు," అన్నాడు పాటలు పాడే చార్లెస్. నవ్వారు. నాకు శాలువా కప్పారు.

అట్టను ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. పక్కింటి కెజియా చూసి, "నీళ్లల్లో నానబెట్టప్పా, ఊడొచ్చీత్తాది," అంది. సిరా ఉంటుందో పోతుందో తెలియదు. ముందు ఒకటి నానబెట్టి చూడాలి. ఎవరిది?

నలభై ఒక్క బొమ్మలూ చూశాను. చివరికి బొడ్డమ్మది తీశాను. డొంకూరు బెస్తపిల్ల. జీడిపప్పు బట్టీలో నా పక్కన కూర్చునేది. మొగుడితో అండమాను వెళ్తూ, నా దగ్గరే అక్షరాలు దిద్దుకుని, నేనిచ్చిన కార్డు వెనక తన పేరొక్కటే రాసింది. పేరే కదా అనుకున్నాను.

అట్టను ఆ మేరకు కోసి పళ్లెంలో వేశాను. కాసేపటికి నీళ్లు నీలంగా మారాయి. కార్డు ఊడి వచ్చింది. వెనక ఏమీ లేదు.

మిగతావాటి జోలికి వెళ్లలేదు. అన్నమ్మ రాత జిగురు కిందే ఉంది. నాలుగు వాక్యాలూ నోటికొచ్చు. కానీ మూడోది ఆమె అలాగే రాసిందో, నేనే కల్పించుకుంటున్నానో ఇక తేల్చుకోలేను.

బొడ్డమ్మ బతికే ఉండొచ్చు. ఎప్పుడైనా వచ్చి నా కార్డేదే అంటే, అందరిలోకీ నీదే తక్కువనుకున్నానని చెప్పాలి.