దిండు గుండె

బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరి కాళ్ళు తొక్కి, ఒకాయన సంచీ మీంచి దూకి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి కూర్చుంటామా, సరిగ్గా రెండో నిమిషంలో నా కుడిచెయ్యి జివ్వుమనేది. 'చాలాసేపటి నుంచి కూర్చున్నారు. ఒకసారి లేచి నిలబడండి' అని వాచీ మీద అక్షరాలు వెలిగేవి. పక్కన వేలాడుతున్నాయన ఆ అక్షరాలు చదివి, నా వంక ఆశగా చూసేవాడు.

ఎడమచేతి వాచీకి ఇలాంటి బుద్ధులు లేవు. అది కీ ఇచ్చే వాచీ. పొద్దున్నే ముప్ఫై సార్లు తిప్పితే మర్నాటి దాకా తన మానాన తాను నడుస్తుంది. రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. నేను దాన్నేమీ అనను, అది నన్నేమీ అనదు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఇంత సామరస్యం నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ఇలాంటివి నా దగ్గర పదకొండున్నాయి. అన్నీ దాదాపు ఒకేలా ఉండటం వల్ల మా ఆవిడ నాలుగే అనుకుంటుంది. ఆవిడ భ్రమని చెడగొట్టడం నాకిష్టం లేదు. ఒకరి నమ్మకాన్ని గౌరవించాలి.

నేను లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసులో ఉద్యోగిని. చెడిపోయిన లిఫ్టుని చూడాలంటే మెట్లెక్కే వెళ్ళాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు నాకు చెప్పకుండా దాచిన సంగతి అదొక్కటే. నాలుగు నెలల కిందట ఒక ఏడంతస్తుల మేడలో, ఆరో అంతస్తు దాటకుండానే కళ్ళు బైర్లు కమ్మి మెట్ల మీద కూలబడ్డాను. డాక్టరు గుండె విని, "మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పిపోతోందండీ" అన్నాడు. రోజుకొక మాత్ర రాశాడు. మూడు నెలలు వాడాక, ఒంటికి తీగలు తగిలించి ఒక రోజంతా చూసే పరీక్ష ఉంది, అది చేద్దామన్నాడు.

ఆ సాయంత్రమే మా బామ్మర్ది దిగాడు. వాడు రోజుకి పదివేల అడుగులు నడుస్తాడు, ఆ సంగతి కనపడినవాడికల్లా చెప్పడానికి ఇంకో రెండువేలు నడుస్తాడు. నల్లటి పలక ముక్కలాంటి వాచీ ఒకటి నా కుడిచేతికి తొడిగాడు.

"బావా, నీ డొక్కు వాచీలు టైమెంతయిందో చెప్తాయి. ఇది నీకెంత టైముందో చెప్తుంది" అన్నాడు.

"ఒరేయ్, మంచి వస్తువు ఇస్తూ అదేం మాటరా" అంది మా ఆవిడ.

"సైన్సక్కా. సైన్సుకి శకునాలుండవు."

దానికో సిమ్ము కూడా వేయించి, అది చూసిందల్లా మా ఆవిడ ఫోనులో కనిపించే ఏర్పాటు చేసి, వాడు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఫోనులో ఒక గుండె బొమ్మ. అంతా సవ్యంగా ఉంటే ఆకుపచ్చ, తేడా ఉంటే పసుపు, ఇంకా తేడా ఉంటే ఎరుపు. మా ఆవిడ ఆ ఫోనుని వంటింట్లో ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టుకుంది. కూరలో ఉప్పు వేసినప్పుడల్లా నా గుండె చూసేది. నా గుండె చూసినప్పుడల్లా ఉప్పు వేసేదని అప్పట్లో నాకు అనుమానం.

మూడు వారాలు పసుపే. ఆఫీసుకి ఫోన్లు మొదలయ్యాయి.

"ఏవండీ, నూట పద్దెనిమిదయింది. ఏం చేస్తున్నారు?"

"మెట్లెక్కుతున్నాను."

"ఎవరితోనైనా గొడవ పడుతున్నారా?"

"మెట్లతోనే."

"ఆగండి. అక్కడే కూర్చోండి."

కూర్చుంటే వాచీ లేవమనేది.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పుడు నవ్వలేదు. చెయ్యి జివ్వుమన్నప్పుడల్లా, ఇదే అది అనుకునేవాణ్ణి. ఒకసారి ఫైలు కింద పెట్టి, కళ్ళు మూసుకుని, ధైర్యం చేసి చూస్తే 'మంచినీళ్ళు తాగండి' అని ఉంది. గ్లాసు ఎత్తితే సగం నీళ్ళు ఫైలు తాగింది. ఇంటి దగ్గర మా ఆవిడది ఇంకో రకం. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, తినకుండా లేచి ఫోను చూసి వచ్చేది. రెండు వారాల్లో ఆవిడ గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి.

ఇక ఆదివారాల సంగతి చెప్పాలి.

ప్రతి ఆదివారం పొద్దున్న వాచీలు బాగుచేసే మాస్టారి కొట్టులో మేం ఐదుగురం చేరతాం. పని ఒక్కటే. ఎవరి వాచీ చేతిని వాళ్ళు పక్కవాడి చెవి దగ్గర పెట్టాలి. పక్కవాడు కళ్ళు మూసుకుని విని, ఒక ముక్క అభిప్రాయం చెప్పాలి. 'పొడిగా ఉంది, నూనె కావాలి' అనో, 'ఆహా' అనో. దీన్ని బయటివాళ్ళు పిచ్చి అంటారు. అలా అనేవాళ్ళు ఆదివారాలు సోఫా తుడుచుకుంటూ గడుపుతారు.

కొట్టు గుమ్మానికి ఒక అట్టముక్క వేలాడుతుంది: 'కరెంటు తినే వాచీలు బయటే'. వెనకటికి ఒక రిటైరయిన పోస్ట్‌మాస్టరు గారు పొడుగు చేతుల చొక్కా కింద తెర వాచీ దాచి తెచ్చారు. అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నప్పుడు ఆయన మోచెయ్యి జివ్వుమంది. ఆ తర్వాత ఆయన భార్య పోయినప్పుడు మేమంతా వెళ్ళి ఓదార్చాం గానీ, ఆదివారాలకి మాత్రం మళ్ళీ పిలవలేదు.

అందుకని పలక వాచీ వచ్చాక మూడు ఆదివారాలు కొట్టుకి వెళ్ళలేదు. ఇక ఉండబట్టక నాలుగో ఆదివారం నేను చిక్కులో పడ్డాను. పెట్టుకెళ్తే కొట్టు నుంచి వెలి. తీసేస్తే 'వాచీ తీసేశారు' అని వంటింట్లో ఫోను మోగుతుంది.

నా బీరువాలో ఒక తిప్పుడు పెట్టె ఉంది. కొన్ని పాత వాచీలు చెయ్యి ఊగితేనే నడుస్తాయి. పెట్టుకోని రోజుల్లో అవి ఆగిపోకుండా, ఆ పెట్టెలో ఉన్న అరచెయ్యంత దిండుకి తొడిగితే, పెట్టె దాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటుంది. మా ఆవిడ దాన్ని ఉయ్యాల అంటుంది. చేతికి లేని వాచీ దిండుకి ఉండాలి, అది మా వాచీల పిచ్చోళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే ఆ నల్ల పలకని దిండుకి తొడిగేసింది. వాచీల పిచ్చి లేనివాడైతే దాన్ని సొరుగులో పడేసేవాడు, దొరికిపోయేవాడు, బతికిపోయేవాడు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఇవాళ ఎంత బాగా నడిచారండీ. ఆరువేల అడుగులు. గుండె అరవై నాలుగు. చూడండి, ఆకుపచ్చ."

నేను గదిలోకి వెళ్ళి బీరువా తెరిచాను. చీకట్లో దిండు తిరుగుతోంది. వాచీ కింద నుంచి గుండె లెక్కపెట్టే పచ్చటి వెలుతురు దిండు మీద పడి మిణుకుమంటోంది. తెర మీద అరవై నాలుగు. చూస్తుండగా అరవై అయిదయింది, మళ్ళీ అరవై నాలుగయింది. దిండుకి గుండె కొట్టుకుంటోంది.  బీరువా తలుపు వెయ్యబోతూ, దాని ఆరోగ్యం నాకన్నా బాగుందే అనుకున్నాను.

ఆ రోజు మా ఆవిడ రెండోసారి అన్నం వడ్డించుకుంది. చాలా రోజుల తర్వాత. అంతే, ఇక నేను వెనక్కి రాలేకపోయాను. సోమవారం కూడా చేతిరుమాలు కోసమని బీరువా దగ్గరికి వెళ్ళాను. మంగళవారం కూడా. పొడుగు చేతుల చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాను. సాయంత్రం ఇంటికి రాగానే 'ఛార్జింగ్' అనేవాణ్ణి. నేనెక్కడున్నానో కూడా ఆ ఫోను చూపిస్తుందట. అదృష్టవశాత్తు ఆ పేజీ సంగతి మా ఆవిడకి తెలియదు, మా బామ్మర్దికి తన అడుగులు తప్ప ఇంకొకరి అడుగులు పట్టవు.

మూడు నెలలు నిండాక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా ఆవిడ పరీక్ష పాసయిన పిల్లలా ఫోను ముందుకి చాపింది. డాక్టరు చేతికీ అలాంటి పలకే ఉంది. గుండె వినే గొట్టం చెవులకి పెట్టుకోబోయినవాడు, ఫోను చూసి మళ్ళీ మెళ్ళోకి జార్చుకున్నాడు.

"రెండు నెలల్లో ఇంత మార్పు నేనెక్కడా చూళ్ళేదండీ. పాతికేళ్ళ కుర్రాడి గుండె" అన్నాడు. మాత్ర సగం చేశాడు. తీగల పరీక్ష అక్కర్లేదని కొట్టేశాడు. నా వంక చూడకుండానే కింద సంతకం పెట్టాడు.

ఆ సంతకం నాకు బాగా తెలుసు. ఏడో అంతస్తు దాకా ఎక్కే ఓపిక లేక, వాచ్‌మన్ చెప్పింది రాసుకుని, 'లిఫ్టు సురక్షితం' కింద నేను పెట్టే సంతకం అచ్చం అలాగే ఉంటుంది.

నోరు తెరిచాను. పక్కన మా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. మూసుకున్నాను.

మాత్ర సగమయి నెల రోజులయింది. ఇప్పుడు మెట్లక్కర్లేదు, చెప్పు తొడుక్కోవడానికి వంగినా చాలు. ఒకటి, రెండు, మూడు, తర్వాత ఒక ఖాళీ. ఎంతసేపో ఉండదు. కానీ ఆ ఖాళీలో చాలా సామాను పడుతుంది. చెయ్యాల్సిన పనులు, చెప్పని మాటలు, గ్యాసు బుక్ చెయ్యలేదన్న సంగతి, అన్నీ గుర్తొస్తాయి. తర్వాత గుండె లోపలి నుంచి తన్నినట్టు ఒక పెద్ద దెబ్బ. అప్పుడు మళ్ళీ గ్యాసు సంగతి మర్చిపోతాను.

ఇవాళ ఆదివారం. కొట్టులో నా పక్కన కూర్చున్నది మాస్టారే. నా ఎడమ మణికట్టు వేళ్ళతో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఎప్పుడూ అర నిమిషంలో వదిలే మనిషి, వదల్లేదు.

"వాచీ బాగానే ఉంది. దీని వెనకాల కొట్టుకునేది బాగా లేదు" అన్నారు.

గోడ గడియారాల లోపల వినడానికి ఆయన దగ్గర ఒక చెక్క గొట్టం ఉంది. దాన్ని నా చొక్కా మీద ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకుని, ఒక నిమిషం పూర్తిగా విన్నారు. మిగతా ముగ్గురూ తమ వాచీలని అరచేతులతో మూశారు. గోడల మీద ఇరవై గడియారాలు మాత్రం ఒకదాని మాట ఒకటి వినకుండా కొట్టుకుంటున్నాయి.

"ఇది గోడ గడియారమైతే ఇక్కడ వదిలేసి వెళ్ళమనేవాణ్ణి నాయనా."

"వెళ్ళాలి మాస్టారూ. దారిలో కూరలు కొనాలి."

"మూడు కొట్టి ఒకటి మింగుతోంది. నలభై ఏళ్ళుగా వింటున్నాను. ఇలా మింగేది ఏదో ఒకరోజు మొత్తం మింగేస్తుంది. డాక్టరేమన్నాడు?"

"పాతికేళ్ళ కుర్రాడి గుండె అన్నాడు."

ఆయన గొట్టం తుడిచి సొరుగులో పెట్టారు.

"ఆ కుర్రాడెవడో కనుక్కో" అన్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు గట్టిగా అనుకున్నాను, ఇవాళ చెప్పేస్తానని. కూరలు కూడా కొనలేదు. ఇంట్లో అడుగుపెడితే వంటింట్లో మా బామ్మర్ది ఉన్నాడు. మా ఆవిడ ఉప్పు డబ్బా దగ్గర నిలబడి వాడికి చెబుతోంది.

"నువ్వు చేసిన మేలు మర్చిపోనురా. ఈయన గడప దాటితే నాకు చెమటలు పట్టేవి. ఇప్పుడు దీన్ని చూసుకుంటూ కూర్చుంటాను. నిన్న మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను కూడా."

"నేనేం చేశానక్కా. అంతా బావ నడక మహిమ" అన్నాడు వాడు. వాడు ఇంకొకరిని మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు. అదీ దిండునే.

 గదిలోకి వచ్చి గడియ పెట్టాను. నా నోటితో చెప్పలేను గనక, ఆ వాచీయే చెబుతుందిలే అనుకున్నాను. దిండు నుంచి తీసి నా చేతికి పెట్టుకుంటే ఫోనులో పసుపో ఎరుపో తిరుగుతుంది, మా ఆవిడ పరుగెత్తుకొస్తుంది, ఆస్పత్రికి తీసుకెళ్తుంది. నేను అబద్ధమాడినట్టూ ఉండదు, నిజం చెప్పినట్టూ ఉండదు. ఇంతకన్నా మర్యాదైన దారి నాకు తోచలేదు.

పెట్టుకున్నాను. పచ్చటి వెలుతురు చర్మం మీద మిణుకుమంది. చాలాసేపు ఆలోచించింది. తర్వాత అక్షరాలు వెలిగాయి.

'ఇది మీ గుండెలా అనిపించడం లేదు. ఈ వాచీ ఇంకెవరి చేతికైనా ఉందా?'

కింద రెండు గళ్ళు. 'అవును'. 'కాదు'.

మూడు నెలలుగా అది దిండు గుండెనే విని, దాన్నే నాదనుకుంది. ఇప్పుడు నేనెవరో దానికి తెలియదు. వంటింట్లో ఫోను మోగింది.

"ఏవండీ, మీ వాచీ ఎవరి చేతికుంది?"

అడుగుల చప్పుడు. తలుపు కదిలింది.

"గడియెందుకు పెట్టారు? లోపల ఇంకెవరున్నారు?"

"బావా, తలుపు తియ్యి. ఫోనులో ఎరుపొచ్చింది, ఆ కొత్త మనిషికి బొత్తిగా బాగా లేదు. ఎవరో గానీ అర్జెంటుగా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

మా ఆవిడ గొంతు వణుకుతోంది. అనుమానంతో కాదు. అనుమానమైతే నాకు హాయిగా ఉండేది.

బీరువాలో ఖాళీ దిండు ఇంకా తిరుగుతోంది. నేను మంచం అంచున కూర్చుని, ఒక తనిఖీ ఫారం వెనక ఇదంతా రాస్తున్నాను. 'అవును' నొక్కితే ఇది నన్ను మర్చిపోయి మళ్ళీ దిండు కోసం ఎదురుచూస్తుంది. ఆకుపచ్చ వస్తుంది, సగం మాత్ర సగంగానే ఉంటుంది, మా ఆవిడ రేపు మధ్యాహ్నం కూడా నిద్రపోతుంది. 'కాదు' నొక్కితే ఇన్నాళ్ళూ ఆవిడ ఎవరి గుండె చూసుకుని అన్నం తిందో చెప్పాలి.

అయ్యా, అమ్మా, డాక్టరు దగ్గరికి వెళ్ళమని మాత్రం చెప్పకండి. వెళ్ళాలని తెలుసు, వెళ్తాను. కానీ ఈ తలుపు తీస్తే గానీ అక్కడికి దారి లేదు. తలుపు తీశాక నేను అనాల్సిన మొదటి ముక్క ఏమిటో అదొక్కటి చెప్పండి. రెండో ముక్క నుంచి నేను చూసుకుంటాను. మీలో పెళ్ళయి చాలా ఏళ్ళయినవాళ్ళు, ఇంట్లో ఇలాంటిదేదైనా చెప్పి బతికి బయటపడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి చెప్పండి. వాచీల సంఖ్య కూడా ఇప్పుడే చెప్పెయ్యాలా, దానికి వేరే రోజు చూసుకోవాలా?

ఒకటి, రెండు, మూడు.

గ్యాసు ఇవాళ కూడా బుక్ చెయ్యలేదు.

కాస్త త్వరగా చెప్పండి.