చెరో చెవికి

రాగి గిన్నె తయారైందనుకున్నప్పుడు అల్లాల్ దాని మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మోత నిలకడగా సాగి ఆగిపోతే గిన్నె మంచిది, మధ్యలో జీరబోతే ఎక్కడో పగులున్నట్టు. మొరాకోలోని ఫెస్ పాతబస్తీలో రాగి పనివాళ్లంతా చూసేది అలాగే. ఈమధ్య అతనికి ఆ మోత ఎప్పుడు ఆగిందో తెలియడం లేదు. గిన్నె ఊరుకున్నా చెవుల్లో కీచుమోత ఊరుకోవడం లేదు. అందుకని వేలికొసలతో గిన్నెని తడుముతూ, మొహం మాత్రం వింటున్నట్టు పెట్టేవాడు.

ఈ సంగతి భార్య తూరియాకి ఒక్కదానికే తెలుసు. ఇల్లు సద్దుమణిగిందంటే అతనికి మోత మరీ పెరుగుతుంది, లేచి కూర్చుంటాడు. పాపని ఒళ్లో వేసుకుని ఆమె అతని మొహమే చూస్తూ కూర్చునేది. ఈ మనిషిని పనిలోంచి తీసేస్తే పిల్లకి పాలెలా, అద్దె ఎలా అని మొదలైన ఆలోచన ఎంతకీ తెగేది కాదు.

ఆసుపత్రిలో చెవుల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. ఏళ్ల తరబడి విన్న సుత్తి చప్పుడుకి వినికిడి తగ్గిందని, ఈ మోతని పూర్తిగా పోగొట్టే మందు లేదని చెప్పింది. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటే మోత వెనక్కి తగ్గుతుంది, నిద్రా పట్టవచ్చు అంది. జత ఎనిమిది వేల దిర్హాములు.

బయటికొచ్చాక అల్లాల్ ఒకటే మాట అన్నాడు. "ఎవరికీ చెప్పకు. చెవులు పోయినవాడికి మేస్త్రీ గిన్నె ఇవ్వడు."

మిగిలిన ఆధారం వీధి ఆడవాళ్ల చీటీ. నెలనెలా అందరూ తలాకాస్త వేస్తే, వంతు వచ్చినావిడ ఎనిమిది వేలూ తీసుకుంటుంది. తూరియా వంతు ఎక్కడో ఏడాది చివర. ఈ నెల వంతు బతూల్‌ది. వంతు మార్చుకోమని అడగడం తప్పేం కాదు, కాకపోతే ఎందుకో చెప్పాలి. బతూల్ మొగుడు మాటీ కూడా రాగి పనివాడే, అల్లాల్ పనిచేసే కొట్టుకి ఎదురుగానే కూర్చుంటాడు.

శుక్రవారం కుస్కుస్ తినడం అయ్యాక తూరియా పాపని చంకనేసుకుని వెళ్లింది. మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్న బతూల్‌ని, అక్కా అన్నట్టు లల్లా అని పిలిచి, ఈ నెల వంతు తనకిమ్మని అడిగింది.

"అంత డబ్బు పెట్టి ఏం కొంటావే? మీ ఆయనకి గుర్రమా?"

చుట్టాల పెళ్లని తూరియా అబద్ధమాడింది. ఎవరి పెళ్లి, ఏ ఊళ్లో అని బతూల్ అడిగేసరికి తడబడింది. తన అవసరం అంతకంటే పెద్దదని, ఈ నెల కుదరదని బతూల్ తేల్చేసింది. తూరియా మెట్ల దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఆయన చెవుల్లో మోత, లల్లా. ఆగట్లేదు. గిన్నె కొట్టి చూసుకోలేకపోతున్నాడు. ఈ మాట మీ ఇంట్లోంచి బజార్లోకి పోతే మా పొయ్యి ఆరిపోతుంది."

బతూల్ చేతిలో దుప్పటి తీగ మీద సగం వేసినది వేసినట్టే ఉండిపోయింది.

"మా ఆయన తలగడ కింద రేడియో పెట్టుకుని పడుకుంటాడు," అంది. "పాటలంటే పిచ్చని అందరికీ చెప్పుకొచ్చాను."

ఈ నెల డబ్బు మాటీ చెవుల్లో మోత కోసమేనట. ఊరి కొత్తబస్తీలో ఒకాయన చెవి వెనక సూదిమందులు వేసి మోతని సమూలంగా తీసేస్తానన్నాడట. డబ్బంతా ముందే కట్టమన్నాడట. పరీక్షలేమైనా చేశాడా అని తూరియా అడిగింది. టార్చి వేసి చూశాడంతే అంది బతూల్. డాక్టరమ్మ చెప్పిందంతా తూరియా పూసగుచ్చినట్టు చెప్పింది. బతూల్‌కి కోపం వచ్చింది.

"మీ డాక్టరమ్మ పోదంటోంది. ఈయన పోతుందంటున్నాడు. ఎవరి మాట వినమంటావు?"

"పోతుందనే మాట కోసం నేనూ తిరిగాను, లల్లా. ఎవరో ఒకరు అనకపోతారా అని."

పాప బతూల్ అంగీ అంచు లాగుతుంటే విడిపించుకోలేదు. చివరికి, మాటీని ముందు ఆ డాక్టరమ్మకే చూపిస్తానంది. ఆవిడ మాటీకీ మిషనే అంటే, చెరొక్కటితో సరిపెట్టుకోవచ్చంటే, ఈ డబ్బుతో చెరో చెవికి కొందామంది. రెండో చెవి సంగతి తూరియా వంతు వచ్చినప్పుడు.

ఇంటికొచ్చి తూరియా మొగుడి ఎదుట కూర్చుంది. చెప్పేశానంది. అల్లాల్ మొహం మాడిపోయింది.

"ఎవరికి?"

"మాటీ వాళ్లింట్లో. అతనికీ ఉందట. మనకంటే ముందునుంచే."

అల్లాల్ తిట్టలేదు. ఎదురెదురు కొట్లలో కూర్చుని ఇన్నాళ్లూ తనూ మాటీ ఒకరికొకరు గిన్నెలు మోగించి చూపించుకున్నారు, బాగుందంటే బాగుందనుకున్నారు. అదే గుర్తొచ్చిందేమో, చేతుల వైపు చూసుకున్నాడు.

"ఏ చెవిలో ఎక్కువట?" అన్నాడు.

"అడగలేదు."

అల్లాల్ లేచి, చెప్పులు తొడుక్కుని, మాటీ ఇంటివైపు నడిచాడు.