మైకమ్మ గొంతు తగ్గిన సాయంత్రం

బడి మెట్లమీద నెత్తురు తుడుస్తోంది మైకమ్మ. ఏడో తరగతి పిల్లవాడి పెదవి చిట్లి కారిన నెత్తురు. ఆరిందంటే మరక వదలదని మోకాళ్లమీద కూర్చుని, ఫినాయిలుకు తోలు లేచిన వేళ్లతో తడిగుడ్డ రుద్దుతోంది. మైకు అక్కర్లేని గొంతు కనుక ఈ ఆయాకు ఆ పేరు. బడిలో ఆమె గదులు సర్దుతుంది, హెడ్మాస్టరు గొడవలు సర్దుతాడు. "కుర్రాళ్లన్నాక కొట్టుకోరా!" అని ఇవాళ్టిదీ సర్దేశాడు.

కొట్టుకోలేదు. కొట్టింది ఒక్కడే, పదో తరగతి పొడుగోడు. పిల్లవాడి నేరమల్లా బస్సులో, బారెడు జడ చూసి మైకమ్మ జడపిల్ల అని పిలిచే అమ్మాయి పక్కన కూర్చోవడం. జడపిల్లను పొడుగోడు ప్రేమిస్తున్నాడట. పేరుకు ప్రేమ, పట్టింది పీడ. పొద్దున కుళాయి దగ్గర ఆ పిల్ల మణికట్టు చూసింది మైకమ్మ.

"ఏంటమ్మా అది?"

"వాచీ బిగుతై వాచింది ఆయమ్మా."

వాచీకి ముళ్లుంటాయి గానీ వేళ్లుండవు. అక్కడ నాలుగు వేళ్లు అచ్చుపడి ఉన్నాయి.

మైకమ్మకు అచ్చులు కొత్త కాదు. ఆమె మొగుడు బతికినన్నాళ్లూ ఏ పనీ చేసుకోలేదు, చెయ్యి మాత్రం చేసుకున్నాడు. ఆ ఇంట్లో ఆమె మాట పక్కగదికి కూడా వినిపించేది కాదు. అతను పోయాకే, ఈ బడి వరండాల్లో, గొంతు విప్పింది.

ఆఖరి గంట కొట్టారు. అమ్మాయిల మరుగుదొడ్లు కడిగేముందు గుమ్మంలోంచి కేకెయ్యడం ఆమె అలవాటు. లోపల తలుపు కింద తెలిసిన బూట్లు కనిపించాయి.

"జడపిల్లా! ఇంకా లోపలేనా? బస్సు వెళ్లిపోతోంది!"

వరండా చివర ఎవరినో వెతుకుతూ పోతున్న అడుగులు ఠక్కున ఆగాయి. వెనక్కి తిరిగాయి.

అప్పుడర్థమైంది మైకమ్మకు. పిల్ల ఆలస్యం చెయ్యడం లేదు, దాక్కుంది. చోటు చాటింపు వేసింది తనే.

లోపలికి దూరి బయటి తలుపు మూసింది. గడియ ఊడి చాలా రోజులైంది. చెబితే హెడ్మాస్టరు సర్దుకోమన్నాడు. తలుపుకు వీపు ఆనించి, కాళ్లు ఎదుటి గోడకు తన్నిపెట్టి కూలబడింది.

"ఆయా, తలుపు తియ్. దాంతో మాట్లాడాలి, అంతే."

"మాట్లాడ్డానికి నోరు చాలుగా బాబూ, చేతులెందుకు?"

మాటకు మాట వచ్చింది గానీ గొంతు రాలేదు. సాయానికి అరుద్దామని నోరు తెరిస్తే, ఆ పాత ఇంటి గొంతే, పీలగా, గాలిలా బయటికొచ్చింది. తలుపు అదిరి వెన్నుకు కొట్టుకుంది. ఆ దెబ్బను వీపు గుర్తుపట్టింది.

పిల్ల లోపలి తలుపు తీసుకుని వచ్చి నిలబడింది. మైకమ్మ నడుముకున్న తాళంచెవి లాగి తడినేలమీద ఆమెవైపు జార్చింది.

"చెత్త పడేసే వెనక తలుపుది. సందు దాటితే మీ అమ్మ కుట్టుకొట్టు. ఎక్కడా ఆగకు తల్లీ."

"మరి నువ్వో?"

"నేను లేస్తే వాడొస్తాడు. వెళ్లు."

పిల్ల జేబులోంచి ఫోను తీసి కుళాయి గట్టుమీద పెట్టింది.

"ఇది నాతో ఉంటే, ఇందులో వాడు పెట్టిన యాప్‌తో నేనే వీధిలో ఉన్నానో వాడికి తెలిసిపోతుంది. ఈ బడికి ఇంక రాను ఆయమ్మా."

వెనక తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

బయట గుద్దుళ్లు ఆగాయి. గట్టుమీద ఫోను వాడి పేరుతో వెలిగింది. గర్రుగర్రుమంటూ, అదిరిన ప్రతిసారీ కాస్త కాస్తగా, అంచువైపు జరగసాగింది.