గడప దాకా వచ్చిన సరిహద్దు

సోమవారం పొద్దున్నే మండలం సరిహద్దు ఓదేలు ఇంటి గడప దాకా వచ్చి ఆగింది. సరిహద్దు రాయి మోకాలెత్తు ఉంది. ఒక పక్క ఈ మండలం పేరు, రెండో పక్క అవతలి మండలం పేరు. చుట్టూ గడ్డి కూడా ఎన్నేళ్ళ నుంచో మొలిచినట్టే ఉంది.

ఓదేలు బోరు మోటార్లు బాగుచేసే మనిషి. మోటారు దొంగిలించాడని కేసు పెట్టారు. విచారణ మొదలు కాకముందే ఏడు నెలలు జైల్లో ఉన్నాడు. బెయిలు మీద బయటికొచ్చి యాభై రోజులు. షరతులు రెండే. ప్రతి సోమవారం సాయంత్రం ఐదులోగా కోర్టుకొచ్చి సంతకం పెట్టాలి. మండలం దాటకూడదు.

ఇలాంటి నలభై ఒక్కమందిని కనిపెట్టి ఉండడం స్వరూప ఉద్యోగం. తీర్పు వచ్చేదాకా వాళ్ళు ఇక్కడే ఉన్నారని, పిలిస్తే వస్తారని కోర్టుకు రాసివ్వాలి. పన్నెండేళ్ళుగా రాసిస్తోంది. మధ్యాహ్నమైనా ఓదేలు రాకపోయేసరికి, రిజిస్టరు సంచిలో పెట్టుకుని అతని ఇంటికి వస్తుంది.

ఓదేలు గడప లోపల పీట మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. అతని చెప్పులు బయట, పక్క మండలంలో ఉన్నాయి.

"నేను దాటలే మేడమ్," అంటాడు. "అదే వచ్చింది."

"పొద్దుగాల వాకిలి ఊడ్వనీకి తలుపు తీసిన," అంటుంది అతని భార్య రాజవ్వ. "గడపకు ఆనుకోని ఉంది. పక్కింటోళ్ళను అడిగితే మాది ఎప్పటిసంది వేరే మండలమే అంటున్నరు. రేషన్ కార్డు సుత చూపెట్టిన్రు."

స్వరూప కోర్టుకు ఫోన్ చేస్తుంది. సూపరింటెండెంట్ యాదగిరి ఓపిగ్గా వింటాడు.

"రాయి ఎవరు జరిపిండ్రన్నది రెవెన్యూ వాళ్ళ పనమ్మా. మన కాగితంల రెండే గడులు. సంతకం పెట్టిండా? దాటిండా? ఐదు కొడితే బెయిలు రద్దుకు రాసి పంపుత."

"ఇప్పుడు మన కోర్టు ఏ మండలంల ఉంది సార్?"

ఆయన కిటికీ తెరిచిన చప్పుడు వినబడుతుంది. "ఏ మండలంల లేదు," అంటాడు. "అందుకే ఇయ్యాల ఇంత నిమ్మళంగ ఉంది."

స్వరూప రిజిస్టరు తెరిచి గడప మీదుగా చాస్తుంది. ఓదేలు సంతకం పెడతాడు. అక్షరాలు కాసేపు కాగితం మీద నిలబడి, ఒక్కొక్కటే దిగి, మళ్ళీ అతని వేళ్ళలోకి వెళ్ళిపోతాయి. అవి కూడా మండలం దాటవు.

ఆమె కలం మూత పెట్టేలోపు రాయి పీట దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు ఓదేలు మండలంలో పీటా అతనూ తప్ప ఇంకొకరికి చోటు లేదు. అవతల, పొయ్యి దగ్గర, రాజవ్వ అన్నం వారుస్తుంటే గుడ్డ జారి వేడి గంజి ఆమె పాదం మీద ఒలుకుతుంది. ఓదేలు చెయ్యి గబుక్కున లేచి, రాయి అంచు దాకా వచ్చి, ఆగిపోతుంది.

రాజవ్వ కాలిన పాదాన్ని చూసుకోదు. ఆ చేతిని చూస్తుంది.

"రాకు," అంటుంది. "ఏడు నెలలు జైలు జాలీలకెళ్ళి చూసిన నిన్ను. గిప్పుడు జాలీ లేదు. గింతైన నయమే."

లేని మెట్టు మీద కాలు వేసినట్టవుతుంది స్వరూపకు. 'మండలంలోనే ఉన్నాడు' అని వందల కాగితాల మీద రాసింది. మండలం ఎక్కడుందని ఒక్కనాడూ రాయలేదు. ఏం చేయాలో తోచక గడప లోపలికి వచ్చి, వంగి రాయిని రెండు చేతులా పట్టుకుని లాగుతుంది. అది ముల్లంగిలా ఊడి వస్తుంది. బరువు లేదు. అప్పుడే నిద్ర లేచిన పసిపిల్లలా వెచ్చగా ఉంది.

"నేను ముంగట నడుస్త," అంటుంది. "నువ్వు ఎనక రా. నన్ను దాటకు."

"మీరు ఆగితే?"

"నువ్వూ ఆగు."

ఆమె గడప దిగుతుంది. వాకిలి మండలంలో కలుస్తుంది. ఓదేలు చెప్పులు తొడుక్కుంటాడు, కుంటుతున్న రాజవ్వ చెయ్యి పట్టుకుంటాడు. పక్కింటాయన రేషన్ కార్డు తిప్పి చూసుకుని, మళ్ళీ తిప్పి, లోపలికి పోతాడు.

కోర్టు ఉండాల్సిన చోట పత్తి చేను ఉంది. "ఇప్పుడే లేచి గట్ల తూర్పుకు పోయింది," అంటుంది కలుపు తీస్తున్న ఆమె. వాళ్ళు తూర్పుకు నడుస్తారు.

దారిలో మిగతావాళ్ళు కలుస్తారు. ఒకడు బావి గట్టు మీద, ఒకామె మంచం మీద, ఎవరి మండలం అయిపోయిన చోట వాళ్ళు కూర్చుని ఉన్నారు. రాయి తమను దాటగానే లేచి వెనక నడుస్తారు. ఓదేలుతో కలిపి నలభై ఒక్కరు.

"మనం పారిపోతున్నమా బిడ్డా?" అడుగుతుంది ఒక ముసలామె.

"లేదవ్వా. మండలంలనే ఉన్నం."

"అట్లనా. పారిపోవుడంటే గిట్లనే ఉంటదనుకున్న."

స్వరూపకు ఏది సరో తెలియడం లేదు. తన ఇల్లు ఎటువైపో కూడా తెలియడం లేదు. నాలుగున్నరకు నేల ఇసుకగా మారుతుంది, ఎదురుగా సముద్రం. ఒడ్డున యాదగిరి బల్ల వేసుకుని కూర్చున్నాడు. కోర్టు అతని వెనక తలుపులు తెరుచుకుని ఉంది.

ఓదేలు సంతకం పెడతాడు. అక్షరాలు ఈసారి దిగిపోవు. యాదగిరి వాటి మీద ఊది ఆరబెడతాడు.

"పెట్టిండు. దాటలే," అని రెండు గడులూ నింపుతాడు. "బెయిలు అట్లనే ఉంటది."

రాజవ్వ ఇసుకలో కూలబడి, ఓదేలు మోకాలికి నుదురు ఆనించి, చప్పుడు లేకుండా ఏడుస్తుంది.

"రాయి ఎక్కడ పెట్టాలె సార్?" అడుగుతుంది స్వరూప. నడిచేకొద్దీ రాయి బరువెక్కింది, చేతులు గుంజుతున్నాయి.

"పెట్టకమ్మా. పెడితే అక్కడికే అయిపోతది."

ఓదేలు అందుకోబోతాడు. "నువ్వు ముట్టొద్దు," అంటుంది స్వరూప. రాజవ్వ కళ్ళు తుడుచుకుని లేచి, రెండో వైపు పట్టుకుంటుంది. ఆమె మీద ఏ కేసూ లేదు.

అందరూ సంతకాలు పెట్టాక యాదగిరి రిజిస్టరు మూయబోతాడు. వరుస చివర ఇంకొకరు ఉన్నారు. సముద్రం లేచి నిలబడి ఉంది, తల వంచుకుని, చాలాసేపటి నుంచి.

"నేను సుత ఒడ్డు దాటొద్దు సార్. సంతకం రాదు," అంటుంది. "ఏలిముద్ర నడుస్తదా?"

యాదగిరి కొత్త పేజీ తిప్పి దాని ముందుకు జరుపుతాడు. సముద్రం బొటనవేలు ఆనించి, తీసి, వెనక్కి పోకుండా అక్కడే నిలబడుతుంది. కాగితం మీద ముద్ర గీతల్లో చిన్న చిన్న చేపలు, ఒకదాని వెనక ఒకటి, గుండ్రంగా తిరుగుతున్నాయి.